బయ్యమ్మక్క ఇరవై ఊపులు

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో నాకు ముప్పైకి ముప్పై వచ్చాయి. పెండులం ఒక్కసారి కూడా ఊపకుండానే. ఆ పుణ్యం బయ్యమ్మక్కది.

మదనపల్లెలో మేం చదివిన జూనియర్ కాలేజీలో ఆమె ల్యాబ్ అటెండరు. పరీక్ష రోజు బల్ల తుడుస్తున్నట్టు వంగి, పెదవులు కదలకుండా, "నూరుకి నలభై, ఎనభైకి ముప్పయ్యారు, అరవైకి ముప్పయ్యొకటి. రాసుకోప్పా, గమ్మున" అనేది. నూరు సెంటీమీటర్ల దారానికి కట్టిన గుండు ఇరవై ఊపులు ఊగడానికి నలభై సెకన్లు పడుతుందని అర్థం. ఆ అంకెల్ని సూత్రంలో వేస్తే భూమి ఎంత గట్టిగా లాగుతుందో చెప్పే g విలువ, పుస్తకంలో ఉన్నట్టే దిగుతుంది. మా బ్యాచ్‌లో ఎనభై మందికీ దిగింది.

తర్వాత నేను కుప్పంలో ఇంజనీరింగ్‌లో చేరాను, రెండో ఏడు మధ్యలో మానేశాను. చదువు రాక కాదు. ఒకచోట కూర్చోవడం రాక. మా నాన్న తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాక ఒక పికప్పు బండి ఇప్పించాడు. పుంగనూరు చుట్టుపక్కల తోటల్లో టమోటా క్రేట్లు ఎత్తుకుని పొద్దున్నే మదనపల్లె మార్కెట్‌కు తోలడం ఇప్పుడు నా పని. బయ్యమ్మక్కది కూడా పుంగనూరే. కాలేజీకి వెళ్లడానికి బస్సు దొరకని రోజు నా బండి ఎక్కేది. కొన్నాళ్లకు బస్సు దొరికినా నా బండే ఎక్కడం మొదలుపెట్టింది.

ఒక రోజు ఎక్కగానే సంచిలోంచి ఫిజిక్స్ పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏందక్కా, ఎవురిది?"

"నాదే. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టుండా. నవ్వితే దిగిపోతా."

నవ్వాను. దిగలేదు.

సంగతేమిటంటే, వాళ్ల కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు చిన్నప్ప జూన్‌లో రిటైరవుతున్నాడు. ఆ పోస్టు అటెండర్లలో ఒకరికి ఇస్తారు, కానీ ఫిజిక్స్‌తో ఇంటర్ పాసై ఉండాలి. పెళ్లికి ముందు మార్కెట్లో టమోటాలు ఏరిన మనిషి ఆమె. పండు ఒక గంపకు, దోరది ఒక గంపకు, పగిలింది ఒక గంపకు. అక్కడి నుంచి ల్యాబుకొచ్చి పదమూడేళ్లు గాజు సామాను కడిగింది. మిగతా సబ్జెక్టులన్నీ మొదటిసారే గట్టెక్కాయి. ఫిజిక్స్ మాత్రం రెండుసార్లు తప్పింది. ఇప్పుడు రాతపరీక్షా ప్రాక్టికలూ రెండూ దాటాలి. ఒకటి తప్పినా జూన్ దాటిపోతుంది, పోస్టు ఇంకొకరికి పోతుంది.

"నువ్వు సదివినోడివి గదా, సెప్పు" అంది.

"సదివి ఇడిసిపెట్టినోణ్ణి."

"ఇడిసిపెట్టింది కాలేజీని గదా, బుర్రనైతే కాదే?"

అట్లా క్యాబిన్లో మా క్లాసు మొదలైంది. మొదటి పాఠానికే గొడవ. బ్రేకు వేస్తే మనిషి ముందుకు తూలేది బ్రేకు తోయడం వల్లేనని ఆమె వాదన.

"బ్రేకు యాల తోస్తాదక్కా? నువ్వు ముందే పోతాండావు. బండి ఆగింది, నువ్వు ఆగలే. అంతే."

"నేను సీట్లో కూసోనుండా. యాడికి పోతాండా?"

"బండితోబాటు మదనపల్లెకు పోతాండావు గదా!"

ఆమె అద్దానికి కట్టిన నిమ్మకాయ వైపే చూస్తూ కూర్చుంది. నేను బ్రేకు వేస్తే అది ముందుకు వాలేది, యాక్సిలరేటరు తొక్కితే వెనక్కి. నాలుగు కిలోమీటర్లు అయ్యాక, "సమంగా పోయేటప్పుడు నిలువుగా ఉండాది సూడు. అరవైలో పోయినా అంతే, ముప్పైలో పోయినా అంతే. స్పీడు మారేటప్పుడే దానికి తెలస్తాది" అంది. త్వరణం అంటే ఏమిటో ఇంజనీరింగ్ కాలేజీలో ఒక సార్ మూడు క్లాసులు చెప్పాడు. నాకు ఎక్కింది మాత్రం ఆ పొద్దునే, నిమ్మకాయ దగ్గర. ఆమెకు చెప్పలేదనుకోండి. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుంది.

లెక్కలు ఆమెకు కష్టమయ్యేవి, వర్గమూలం దగ్గర ఏడుపొచ్చేది. కానీ ఒక మాట నిజంగా అర్థమయ్యేదాకా వదిలేది కాదు. అర్థం కాకపోయినా తల ఊపి పాసైపోయిన నాబోటివాళ్లకు అది చిరాగ్గానే ఉంటుంది. ఒక రోజు నేను వేసిన లెక్కలోనే తప్పు పట్టుకుంది. ఆ రోజు మార్కెట్ దాకా నేను హారన్ కొట్టడం తప్ప ఇంకేం మాట్లాడలేదు.

రాతపరీక్ష బాగా రాసింది. ఇక ప్రాక్టికల్. పెండులమే వస్తుందని అందరూ అన్నారు.

"నీకేమక్కా, ఊర్లో పిల్లకాయలందరికీ సెప్పినదానివి. నూరుకి నలభై. రాసి రా."

ఆమె మొహం అదోలా పెట్టింది. "భానూ, ఒకమాట సెప్తే ఎవురితోనూ అనగూడదు. మా ల్యాబులో నలభై రాదు."

"మరి?"

"ముప్పై తొమ్మిది. పదమూడేండ్లుగా సూస్తాండా. ఎవురు ఊపినా ముప్పై తొమ్మిదే. దాన్తో లెక్క కడితే g జాస్తి వస్తాది. పుస్తకంలో వెయ్యికి లోపల, మాకు వెయ్యి దాటి. పాపం పిల్లోళ్లకు మార్కులు పోతాయని నేనే నలభై అని సెప్తా వస్తి. పుస్తకం లెక్క పుస్తకానిది, మా ల్యాబు లెక్క మాది."

"పరీక్షలో గూడా నలభై అనే రాసెయ్. ఎగ్జామినరేమన్నా నిలబడి ఊపులు లెక్కబెడతాడా?"

"పిల్లోళ్లకైతే సెప్తి. నా పేపర్లో నేను సూడంది ఎట్ల రాసేది?"

ఇది మొండితనమా, మంచితనమా అని నాకప్పుడు తెలియలేదు. తిక్క అనుకున్నాను.

మదనపల్లె సెంటరు నిండిపోయిందని ఆమెకు కుప్పం వేశారు. ఆ ఊరి వైపు నేను వెళ్లి రెండేళ్లయింది. అయినా బండి తీశాను. పలమనేరు దాటాక చూస్తే ఆమె పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... ఊపులు లెక్కపెడుతోందని కాసేపటికి అర్థమైంది.

పరీక్ష ఒక పాత కాలేజీలో. ల్యాబు కిటికీ వరండాలోకి ఉంది. నేను అక్కడ నిలబడితే వాచ్‌మన్ కాసేపు గొణిగి ఊరుకున్నాడు. ఆమె బల్ల కిటికీ పక్కనే రావడం నా అదృష్టం. చుట్టూ పద్దెనిమిదేళ్ల పిల్లలు. మధ్యలో కొంగు బిగించి బయ్యమ్మక్క.

గుండు కట్టింది. మీటరు స్కేలు పట్టుకుని నూరు కొలిచింది. ఊపింది. స్టాప్ వాచీ చూసింది. కాగితం మీద ఏమీ రాయలేదు. మళ్లీ ఊపింది. మళ్లీ చూసింది. మూడోసారి. నాలుగోసారి. నాకు ఒళ్లు మండింది. పక్క పిల్లాడు నాలుగు పొడవులకూ రాసేసి గ్రాఫు గీస్తున్నాడు.

"అక్కా! ఏంది?" కిటికీలోంచి గుసగుసలాడాను.

"నలభై వస్తాందిరా!" అంది, దొంగను పట్టుకున్నట్టు.

"రావల్సిందే అది గదా!"

"ఎట్ల వస్తాది? నేను యాడో తప్పు లెక్కబెడతాండా."

అయిదోసారి కూడా నలభయ్యే. అప్పుడు స్కేలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. మొదలు దగ్గర ఇత్తడి తొడుగు, దాని పక్కన సున్నా, ఒకటి, రెండు. ఆమె వేలు ఆ సున్నా మీద ఆగిపోయింది.

ఎగ్జామినర్ వాణి మేడం అప్పుడే వచ్చింది. "ఏమ్మా, గంట గడిచింది, ఒక్క రీడింగూ లేదు?"

"ఉండాది మేడం. నలభై. అయిదుసార్లు సూస్తి."

"ఒకసారి చాలు కదా. అయిదుసార్లెందుకు?"

ఇక్కడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నేనైతే అదే చేసేవాణ్ణి. ఆమె చెప్పేసింది. పదమూడేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో ల్యాబులోకి పావురం దూరితే, పైకిటికీ రెక్క తెరవడానికి మీటరు స్కేలుతో పొడిచింది. స్కేలు కొస విరిగింది. ఉద్యోగం పోతుందని భయపడి, ఎవరికీ చెప్పకుండా వడ్రంగి దగ్గర ఆ కొస చిత్రిక పట్టించి నున్నగా చేయించింది. మూడు వేళ్ల వెడల్పు కర్ర పోయింది. అంకెలు అప్పటికే చెరిగిపోయి ఉండటంతో ఎవరూ కనిపెట్టలేదు. ఆమె కూడా మర్చిపోయింది.

"మూడు వేళ్లంత కర్ర పోతే ఏమవుతాదిలే అనుకుంటి మేడం. ఇప్పుడు ఈ సున్నా సూసినాక తెలిసె."

వాణి మేడం నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, ఇదే నీ వైవా. స్కేలు పొట్టిదైతే g ఎక్కువెందుకొచ్చింది? సూత్రం వద్దు, నోటితో చెప్పు."

కిటికీ చువ్వలు పట్టుకుని నేను లోపల్లోపల సూత్రం తిరగేస్తున్నాను. నాకు రాలేదు. నిజం చెబుతున్నాను, రాలేదు.

బయ్యమ్మక్క గుండును వేలితో మెల్లగా తోసి, అది ఊగుతుంటే చూస్తూ చెప్పింది. "మా దారం నిజానికి పొట్టిది. పొట్టిది తొందరగా ఊగతాది. మేం అది నూరనుకుంటిమి. నూరు సెంటీమీటర్లది అంత తొందరగా ఊగాలంటే, భూమి ఇంకా గట్టిగా లాగాల. అందుకే లెక్కలో భూమి జాస్తిగా లాగినట్టు వచ్చింది. భూమి తప్పేం లేదు మేడం. తప్పు నాది."

మేడం వాచీ చూసుకుంది. "ఇంకా నలభై నిమిషాలుంది. మిగతా మూడు పొడవులూ చెయ్యి. ఒక్కోటి ఒక్కసారే" అని లేచింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా తలపట్టుకుని కూర్చుంది. పాసవుతానో లేదో అని కాదు. "పదమూడేండ్లు రా భానూ. లెక్కబెట్టేది రాదా మీకని ఎంతమందిని తిడితినో. వాళ్లంతా సరిగ్గానే లెక్కబెట్టినారు."

మర్నాడే వాళ్ల కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ శ్రీరాములు సార్‌కు చెప్పేసింది. ఫలితాలు రాకముందే. పోస్టు పోతుందేమోనని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఆయన ల్యాబు స్కేలును ఇంకో స్కేలు పక్కన పెట్టి కొలిచి, "అయిదు సెంటీమీటర్లు! మాక్కూడా తట్టలేదు చూడమ్మా" అని తననే తిట్టుకున్నాడట. మే నెలలో ఫలితాలొచ్చాయి. పాసైంది. ప్రాక్టికల్‌లో ముప్పైకి ఇరవై అయిదు. గ్రాఫు వంకర గీసిందని అయిదు పోయాయి. జూలై నుంచి ఆమె ల్యాబ్ అసిస్టెంటు.

మొన్న మార్కెట్ తొందరగా అయిపోతే ల్యాబుకు వెళ్లాను. కొత్త స్కేలు ఇంకా రాలేదు. పాతదాని కొస మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో "ఇది 5" అని రాసి ఉంది. నా చేతికి స్టాప్ వాచీ ఇచ్చింది.

"నీ ముప్పై మార్కులు దొంగవి. ఊపు. ఇరవై."

"అక్కా, బండి రోడ్డు మీదుండాది."

"ఉంటాదిలే. దాన్ని ఎవురూ తోయకుంటే అది ఆడే ఉంటాది. నువ్వే సెప్తివి గదా."

ఊపాను. పదమూడు, పద్నాలుగు అన్నాక బయట ఎవరో హారన్ కొట్టారు. అటు చూశాను. పదిహేనా, పదహారా?

"ఎంత?" అంది.

"పదహారనుకుంటా..."

ఆమె చెయ్యి చాచి గుండును ఆపింది.

"అనుకునేది లేదప్పా ఈడ. మళ్లీ మొదట్నించి."