చిక్కంతా పిల్లి చేసిందే

మా నగరి నేతవీధిలో గంగులమ్మవ్వ దగ్గరికి ఎంత పెద్ద తగాదాతో వెళ్ళినా సరే, ముందు ఆమె ఇంట్లో చిక్కుపడిన నూలు విప్పి పెట్టాలి. విప్పితేనే పంచాయితీ. తలలు పగలగొట్టుకుని వచ్చినా కట్టు కట్టించుకుని రమ్మంటుందే తప్ప, నూలు మాత్రం వదిలిపెట్టదు.

తగువులాడుకున్న ఇద్దరినీ పీటల మీద ఎదురెదురుగా కూర్చోబెడుతుంది. ఒకరు రెండు చేతులూ చాచాలి. ఆ చేతులకు నూలు చిలప, అదే వదులుగా చుట్టిన నూలు కట్ట, తగిలిస్తుంది. రెండో మనిషి చిక్కులు తీసుకుంటూ ఆ దారాన్ని ఉండగా చుట్టాలి. "ముందు ఇది కానియ్యండి. మా పిల్లి నూలంతా పాడు సేసి పెట్టినాది," అంటుంది.

ఆ పిల్లి పేరు మైనరు. పేరుకు తగ్గట్టే పొయ్యి పక్కన పడుకుంటే పడుకున్నట్టే. మీసం పక్కనుంచి ఎలుక నడిచి పోయినా కన్ను తెరవదు. అది నూలు ఎప్పుడు పీకిందో వీధిలో ఒక్కరూ చూడలేదు. చూడకపోయినా తిట్టడానికేం, తిట్టేవాళ్ళు. అవ్వను ఇంకా తిట్టేవాళ్ళు. ముసలిది ఊరి తగాదాలు అడ్డం పెట్టుకుని కూలి లేకుండా నూలు చుట్టించుకుంటోందని మా దేవరాజులు మామ టీ అంగట్లో బాహాటంగానే అనేవాడు. ఆయనా తన బావమరిదితో కలిసి రెండు చిలపలు విప్పినవాడే. నాకైతే ఆమె వట్టి పిసినారి అని గట్టి నమ్మకం.

పోయిన ఏడాది నేను చిత్తూరులో ఐదు రోజుల మధ్యవర్తిత్వ శిక్షణకు పోయి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఫ్రేము కట్టించి గోడకు కొట్టాను. మేకు చప్పుడుకు పక్కింటివాళ్ళు గొడవకు వస్తే అదే మొదటి కేసు అవుతుందని ఆశపడ్డాను కూడా. రాలేదు. అవ్వ మాత్రం వచ్చి, ఫ్రేము కేసి చూసి, "బాగుండాది మునిలక్ష్మీ. చిక్కు తీసేది నేర్పించినారా?" అని అడిగింది. అది వాళ్ళ పాఠాల్లో లేదన్నాను. "అయ్యో," అని నా మీద జాలిపడి వెళ్ళిపోయింది.

మొదటి కేసు మా వీధిలోనే దొరికింది. లీలావతక్క ఇంట్లో నాలుగు మరమగ్గాలు. గోడ అవతల ఎస్తేరు కాపురం. ఎస్తేరు పుత్తూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆరు నెలలుగా రాత్రి డ్యూటీ. పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరి పడుకుందామంటే సరిగ్గా అప్పుడే మగ్గాలు మొదలవుతాయి. గోడ దడదడ, మంచం గడగడ. నిద్ర లేక ఒకరోజు వార్డులో నిలబడే తూగిందట. ఇంకోసారి ఇట్లా జరిగితే ఉద్యోగం ఉండదని పెద్ద నర్సు చెప్పేసింది. ఎస్తేరు గోడ కొట్టింది, లీలావతక్క తిట్టింది, ఎస్తేరు మున్సిపాలిటీకి అర్జీ రాసింది. సోమవారం ఇచ్చేస్తానంది. అర్జీ పడితే మగ్గాలు ఆగుతాయి. మగ్గాలు ఆగితే లీలావతక్క ఇంట్లో పొయ్యి వెలగదు.

నేను రంగంలోకి దిగాను. ఇద్దరినీ మా ఇంట్లో కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతుంటే ఒకరు వినాలని, మనిషికి మూడు నిమిషాలని చెప్పి సెల్లులో టైమరు పెట్టాను. మొదటి మూడు నిమిషాల్లో లీలావతక్క ఎస్తేరు ఏడు తరాలనూ కడిగేసింది. తర్వాతి మూడు నిమిషాల్లో ఎస్తేరు అవన్నీ వడ్డీతో తిప్పి ఇచ్చింది. టైమరు మోగింది. ఇద్దరి భావాలూ నాకు అర్థమయ్యాయన్నాను, పుస్తకంలో ఉన్నట్టే. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

శనివారం పొద్దున, ఎస్తేరు డ్యూటీ దిగి రాగానే, వేరే దారి లేక ఇద్దరినీ బతిమాలి అవ్వ ఇంటికి తీసుకుపోయాను.

మైనరు ఈసారి శానా పాడు చేశాడంటూ అవ్వ ఒక చిలప తెచ్చింది. అంత చిక్కు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. లీలావతక్క మొహం పక్కకు తిప్పుకుని చేతులు చాచింది. ఎస్తేరు ఇంకో పక్కకు తిప్పుకుని చుట్టడం మొదలుపెట్టింది. మొహాలు తిప్పుకుంటే దారం వస్తుందా? పది నిమిషాలకు, ఎడమ చెయ్యి కాస్త దించమని ఎస్తేరు అడగక తప్పలేదు. ఆ కొస కింద నుంచి తియ్యమని లీలావతక్క చెప్పక తప్పలేదు. గంట గడిచేసరికి ఇద్దరి మధ్యా ఇరవై మాటలు నడిచాయి, ఒక్కటీ తిట్టు కాదు. నా టైమరుకు చేతకాని పని ఇది.

అంతలో ఎస్తేరు చెయ్యి ఆగింది. చూస్తే, ఉండ ఒళ్ళో పెట్టుకుని, తల గోడకు ఆనించి నిద్రపోతోంది. కళ్ళ కింద నల్లటి చారలు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పసిపిల్లలా ఉంది పాపం. లేపబోయాను. లీలావతక్క కళ్ళతోనే నన్ను ఆపింది.

అక్కడినుంచి లీలావతక్క చాచిన చేతులు చాచినట్టే ఉంచింది. కదిలితే దారం లాగి ఎస్తేరు లేస్తుందని భయం. మోచేతులు వణుకుతుంటే అవ్వ రెండు దిండ్లు తెచ్చి కింద పెట్టింది. ముక్కు దురద పెడితే నేను గోకాను; ఐదు రోజుల శిక్షణ పొందిన మనిషిగా ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే. వీధిలో ఉప్పమ్మే చిన్నబ్బ కేక వెయ్యబోతే అవ్వ కిటికీలోంచి చీపురు చూపించింది. అతను ఉప్పు కూడా అమ్మకుండా సైకిలు తోసుకుంటూ పోయాడు. ఇంట్లో రెండు గురకలు వినిపిస్తున్నాయి, ఒకటి మైనరుది.

రెండు గంటల తర్వాత ఎస్తేరు లేచింది. ఎదురుగా ఆ చేతులు చూసి సిగ్గుపడింది.

"అట్లనే పెట్టుకోని ఉండావా అక్కా?"

"నిద్ర లేదని ఒక్క మాట సెప్పుంటే నీ సొమ్మేం పోయేది?" అంది లీలావతక్క.

"గోడ కొట్టి సెప్పినాను కదా."

"గోడ కొడితే పొగరనుకున్నాను. నిద్రనుకుంటానా?" అని, దిండ్ల మీదినుంచి చేతులు ఎత్తుతూ అడిగింది. "డ్యూటీకి ఎన్ని గంటలకు పోతావు?"

"సాయంత్రం ఆరుకు."

ఇన్ని నెలలూ ఎవరికీ తట్టని ప్రశ్న అది. గోడవైపు రెండు మగ్గాలు మధ్యాహ్నం రెండు దాకా ఆపుతానని, ఆగిపోయిన ఆ పని ఎస్తేరు బస్సెక్కాక చేసుకుంటానని, మిగతా రెండింటి కాళ్ళ కింద రబ్బరు వేయిస్తానని లీలావతక్కే చెప్పింది. ఎస్తేరు సంచిలోంచి అర్జీ తీసి అవ్వ చేతికిచ్చింది. అవ్వ దాన్ని నాలుగు మడతలు పెట్టి, మిగిలిన దారం దానిమీద చుట్టమంది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. వాకిలి దాటగానే వాళ్ళిద్దరిలో, ముసలిది చిలపంతా ఊరికే చుట్టించుకుందని ఒకరు, దానికి తోడు పిల్లి సాకు ఒకటని ఇంకొకరు, నవ్వుకుంటూ పోయారు.

మరునాడు అవ్వకు ఇడ్లీలు ఇద్దామని, ముందుగా చెప్పకుండా వెళ్ళాను. అవ్వ కళ్ళజోడు పెట్టుకుని నేలమీద కూర్చుని ఉంది. ఒళ్ళో చక్కటి చిలప. దాని దారాలు ఒక్కొక్కటే లాగి, మెలిపెట్టి, ముడేసి, శ్రద్ధగా చిక్కు చేస్తోంది. మైనరు పొయ్యి పక్కన నిద్రలో ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ ఇంట్లో మగ్గం తీసేసి పదేళ్ళయింది. మరి ఊరంతా చుట్టిన నూలు ఏమైనట్టు? ఏమీ కాలేదు. ఉండలన్నీ మళ్ళీ చిలపలు చేసి, మళ్ళీ చిక్కు పెడుతుందట. అత్తాకోడళ్ళకు నాలుగు ముళ్ళు, అన్నదమ్ముల ఆస్తికి పదకొండు.

"ఊరంతా నిన్ను పిసినారి అంటా ఉంటే ఊరుకుంటావేందవ్వా?" అన్నాను.

"నేను మంచిదాన్నని తెలిస్తే నా ముందర తగ్గేదానికి నామోషీ పడతారు. పిసినారిదాన్ననుకుంటే ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటా పోతారు. కలిసి పోతే సాలు కదమ్మా."

"నన్ను కూడా ఇద్దరూ కలిసి తిట్టినారవ్వా."

"అయితే నీకు సగం వచ్చేసినాది," అని ఆ చిలప నా సంచిలో పెట్టింది.

నెల తర్వాత వడమాలపేట నుంచి గిరి, మురుగేష్ అని అన్నదమ్ములు మామిడితోట బోరునీళ్ళ తగాదాతో నా దగ్గరికి వచ్చారు. ఏడాదిగా మాటల్లేవు, రెండు బండ్ల మీద వచ్చారు. టైమరు లోపల పెట్టేసి చిలప తీశాను. మా పిల్లి పాడు చేసిందన్నాను.

గిరి ఇల్లంతా చూశాడు. "పిల్లి యాడుండాది?"

"మా అవ్వ ఇంట్లో నిద్రపోతా ఉండాది. నువ్వు సేతులు సాపు."

పదకొండు ముళ్ళూ వీడేసరికి మధ్యాహ్నమైంది. ఒక బండి మా వాకిట్లోనే వదిలేసి, ఇద్దరూ ఒకే బండెక్కి వీధి మలుపు దాకా నన్ను తిట్టుకుంటూ పోవడం చెవులారా విన్నాను.