ఎనిమిది గాట్ల డీజిల్

మా చిన్నప్పుడు... ఫిల్మ్ నగర్ గుట్ట మీది మా రెండు గదుల ఇంట్లో గోలీ కింద పెడితే చాలు, దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయేది. గల్లీ గల్లీ అంతా ఏటవాలే. ఆ గల్లీలోనే మా ఇంటి ముందు ముక్కు పైకెత్తుకుని నిలబడేది, నాన్న నడిపే పాత డీజిల్ లారీ. షూటింగులకు లైట్లు, స్టాండ్లు మోసేది. జారిపోకుండా వెనక చక్రాలకు రెండు బండరాళ్లు అడ్డం పెట్టేవాళ్లం.

లారీ నాన్నది కాదు... యూసుఫ్‌గూడలో ఉండే యాదగిరి మామది. మామ అన్నానని చుట్టం అనుకునేరు, ఓనరు! బండిలో డీజిల్ చూపించే ముల్లు నేను పుట్టకముందే పోయింది. ఇంజన్ కింద ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉండేది. "కారుతోందంటే లోపల ఉన్నట్టేగా" అని నవ్వేసేవాడు నాన్న.

డీజిల్ ఎంతుందో చూడటం నా పని. నాన్న ఒక వెదురు బద్దకు పది గాట్లు పెట్టి ఇచ్చాడు. అమ్మ ముగ్గు డబ్బాలోంచి చిటికెడు పిండి తీసి బద్దకు పూసి, ట్యాంకు వెనక చివర ఉండే మూత తీసి, నిలువునా దించేదాన్ని. తడిసిన మేరకు ముగ్గు నల్లబడేది. "నాన్నా... ఏడు గాట్లూ!" అని గల్లీ చివరికి వినపడేలా అరిచేదాన్ని. "నా ముగ్గంతా ఆ లారీకే పెట్టవే తల్లీ" అని అమ్మ మొత్తుకునేది.

ఒక ఆదివారం సాయంత్రం యాదగిరి మామ స్కూటర్ మీద వచ్చాడు.

"ఎంతున్నదే బిడ్డా?"

"ఎనిమిది గాట్లు మామా!" అని బద్ద తీసి గొప్పగా చూపించాను.

మర్నాడు పొద్దున లారీ స్టూడియోకి వెళ్లింది. మా గుట్ట దిగి పది నిమిషాల దారి, అంతే. అక్కడి చదును నేల మీద సామాను ఎక్కిస్తుంటే మామ అదే బద్దతో తనే చూశాడట... ఐదున్నర! రెండున్నర గాట్ల డీజిల్ ఏమైనట్టు?

ట్యాంకు కారుతోందేమోనని నాన్న ఆ సాయంత్రం లారీ కింద అట్టముక్కలు పరిచాడు. పొద్దున్నే ఇద్దరం బోర్లా పడుకుని ఒక్కో అట్టా వాసన చూశాం. ఎప్పటి ఆయిల్ మరకలే తప్ప డీజిల్ చుక్క లేదు. స్టూడియోలో మళ్లీ చూస్తే మళ్లీ తక్కువే.

సాయంత్రం మామ మా గుమ్మం ముందే స్కూటర్ ఆపాడు.

"కారుతలేదు, బండి తిరగలేదు... మరి యాడికి పోయింది? నీ బిడ్డనే చెప్పె గదా ఎనిమిదని. పిల్ల అబద్ధమాడుతదా?"

"నేను తీయలేదండీ..." అన్నాడు నాన్న.

"రేపు పొద్దుగాల తాళాలు ఇచ్చెయ్యి."

డీజిల్ దొంగ అని ఒక్కసారి పేరు పడితే కృష్ణానగర్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఎవరూ బండి ఇవ్వరు. ఆ సంగతి నాకూ తెలుసు. నేను ఐదు గాట్లని చెప్పినా పోయేది కదా అని వెక్కి వెక్కి ఏడ్చాను. నా నోటి మాటే మా నాన్నని దొంగని చేసింది. నాన్న నన్ను ఒళ్లోకి లాక్కుని, "చూసిందే చెప్పావు కదమ్మా... అదే చెప్పాలి" అన్నాడు. ఆ రోజు అన్నం మాత్రం ముట్టలేదు.

పొద్దున్నే తాళాలు జేబులో వేసుకుని బయల్దేరుతుంటే అమ్మ వంటింట్లోంచి పిలిచింది. నీళ్ల గంగాళం ముందు నిలబడి ఉంది.

"ఇటు చూడండి. గుమ్మం వైపు నీళ్లు అంచు దాకా ఉన్నాయి, గోడ వైపు బెత్తెడు తక్కువ. గోడ వైపు నీళ్లు ఎవరు ఎత్తుకెళ్లారంటారు?"

నాన్న గంగాళం వంక చూశాడు. బయట ముక్కెత్తుకుని ఉన్న లారీ వంక చూశాడు. చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా పరిగెత్తాడు.

యూసుఫ్‌గూడ వెళ్లి మామని లారీలో ఎక్కించుకుని, నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని, స్టూడియో ముందు చదును నేల మీద ఆపాడు. బద్ద దించితే నాలుగున్నర. మామ చూస్తుండగానే తిన్నగా మా గల్లీకి తెచ్చి, ముక్కు పైకి పెట్టి నిలిపాడు. మామ ముగ్గు తనే పూసి, బద్ద తనే దించాడు.

ఏడు గాట్లు!

"ఇదేంది... డీజిల్ పిల్లల్ని పెట్టిందా?" అన్నాడు మామ. ఆ తర్వాత ఏటవాలు గల్లీ వంక చూసి, చాలాసేపు తల గోక్కున్నాడు. డీజిలంతా జారి మూత ఉన్న వెనక పక్కకే చేరుతోంది, ఎక్కడికీ పోలేదు. తాళాలు తనే నాన్న జేబులో వేశాడు.

"తప్పైంది తమ్మీ. నోరు జారిన. జర మనసుల వెట్టుకోకు."

అమ్మ టీ ఇచ్చింది... గ్లాసుకు రెండు వేళ్లు తక్కువగానే. కోపంతో కాదండోయ్, మా ఇంట్లో నిండుగా పోస్తే ఒలికిపోయేది!

ఆ ఆయిల్ సంగతి కూడా అప్పుడే తేలింది. ఇంజన్ వెనక నుంచి కారుతోందని ఇన్నాళ్లూ అనుకున్నాం. చదునులో నిలిపితే తెలిసింది, ముందు కారి వెనక దాకా పాకేదని.

ఇప్పుడు ఆ గల్లీలో అపార్ట్‌మెంట్లు. లారీ తుక్కుకి పోయి చాలాకాలమైంది. అమ్మ వెళ్లిపోయి మూడేళ్లు... ఆమె గంగాళం మా ఫ్లాట్‌లో ఉంది. నీళ్లు పోస్తే అన్ని వైపులా సమంగా నిలుస్తాయి.

మొన్న జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే కారులో పెట్రోల్ లైటు వెలిగింది. అయ్యో అయిపోయిందని నేను కంగారుపడుతుంటే, పక్క సీట్లో నాన్న నింపాదిగా అన్నాడు... "ఆగమ్మా. ఎత్తు మీద ఏదీ తేల్చకూడదు. చదునులోకి వెళ్లాక మీ అమ్మలా చూద్దాం."

మా అమ్మ పట్టిన దొంగ మా గల్లీ. మీ అమ్మ పట్టిన దొంగ ఎవరో... మీరూ చెప్పండి, వింటాను.