చీనావాళ్ల విస్తరాకు

మా చాల్, వరస గదుల పాత మేడ, కామాటిపురకు ఒక కొసన ఉండేది. ఒక పక్క శుక్లాజీ స్ట్రీట్, ఇంకో పక్క నాలుగు అడుగులేస్తే ఫాక్‌లాండ్ రోడ్. మా తాతల తాతలు పాలమూరు నుంచి వచ్చి, సముద్రపు నీళ్లెక్కే ఆ చిత్తడిని రాళ్లూ మట్టీ మోసి పూడ్చారు. ఇప్పటికీ గట్టి వాన పడితే సముద్రం వచ్చి తన జాగా చూసుకుని పోతుంది. పూడ్చిన నేల మీదికి మా వెనకే చీనావాళ్లూ వచ్చారు. ముందు ఓడల్లో పనిచేసేవాళ్లు, తర్వాత వడ్రంగులు, బూట్లు కుట్టేవాళ్లు, పళ్లు కట్టేవాళ్లు. ఒకప్పుడు శుక్లాజీ స్ట్రీట్‌లో ఎటు చూసినా వాళ్ల ఇళ్లేనట. చీనాతో యుద్ధం తర్వాత భయంతో ఒక్కో గదీ ఖాళీ అయింది.

నాకు ఊహ తెలిసేనాటికి మిగిలింది మా చాల్ కింది గదిలో పళ్లు కట్టే ముసలాయన ఒక్కడే. మా నానమ్మ కట్టుడు పళ్లు ఆయన చేతివే. చివరికి ఆయన కూడా పరదేశంలో ఉన్న కూతురి దగ్గరికి బయలుదేరాడు. వెళ్లేముందు నానమ్మను హిందీలో ఒక్కటే అడిగాడు. తన అమ్మానాన్నా ఆ గదిలోనే పోయారని, ఏడాదికోసారి వాళ్లకు ఇంత అన్నం పెట్టమని. నానమ్మ సరేనంది.

ఆమెకు తెలిసిన పెద్దల దినం ఒకటే, బతుకమ్మకు ముందొచ్చే పెత్రమాస. ఆ రోజు డాబా మీద మా పెద్దలకొక విస్తరి, పక్కనే చీనావాళ్లకొకటి. మొదటి ఏడు వాళ్లకూ గోంగూర, పచ్చిపులుసు వడ్డించింది. "కారానికి చీనోళ్లు మల్లా సస్తరే అవ్వా," అని నాన్న ఎగతాళి చేశాడు. నానమ్మ దాన్ని నిజమే అనుకుంది. మరుసటి ఏటి నుంచి వాళ్లకు ముద్దపప్పు, పెరుగు, మిరపకాయ తగలని కూర. కాకులు మాత్రం రెండు విస్తళ్లూ ఖాళీ చేసేవి. నానమ్మ పోయాక అమ్మ అదే పద్ధతి పట్టుకుంది.

పోయినేడు టవర్ కడతామని మా చాల్ కూల్చారు. సామాను టెంపోలోకి ఎక్కుతుంటే గల్లీ అంతా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇంకెవరి సామానో పోతున్నట్టు చూస్తూ నిలబడ్డాను. ఊరి చివర అద్దె ఫ్లాటుకు వచ్చాకా అంతే, తిన్నాను, పనికి పోయాను, పడుకున్నాను. అమ్మకు మాత్రం ఒకటే బెంగ.

"ఇల్లే లేకపాయె. పెద్దలు యాడికొస్తరురా?" అని రోజూ అడిగేది.

పెత్రమాస నాడు పొద్దున్నే వండి, స్టీలు డబ్బాలో సర్దింది. నడువమంది. లోకల్ రైలెక్కి గ్రాంట్ రోడ్‌లో దిగాం. చాల్ ఉన్న చోట చుట్టూ నీలం రేకులు కొట్టారు. అమ్మ రేకుల పక్కన కూర్చుని ఒక్కటే విస్తరి పరిచింది. ముద్దపప్పు, పెరుగన్నం, చప్పిడి కూర. డబ్బా ఖాళీ అయింది.

"మనోళ్లది ఏదే అమ్మా?"

"మనోళ్లకు ఊరుంది. ఇల్లు కానరాకుంటే పాలమూరు పోతరు. గీ చీనోళ్లకు గీ గల్లీ దప్ప ఎవలున్నరురా?"

కాకి వాలింది. అమ్మ తృప్తిగా దండం పెట్టుకుంది. నేను పాలమూరు ఇంతవరకు చూడలేదు. అక్కడ మా ఇల్లెక్కడో నాకు తెలియదు, నన్నెరిగినవాళ్లూ లేరు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నాకు భయం వేసింది.

ఇంటికొచ్చి మా అమ్మాయిని కూర్చోబెట్టుకున్నాను. దానికి తెలుగు రాదు. ఆ గల్లీకి ఎలా వెళ్లాలో, రేకుల పక్కన ఎక్కడ కూర్చోవాలో మరాఠీలో చెప్పాను. నేను పోయాక నా విస్తట్లో కారం వెయ్యమని కూడా చెప్పాను.