ఆదివారం నీళ్ళు

డెబ్బైల్లో నేను నేర్చుకున్న విద్య గురించి ఎవరైనా అడిగితే గొప్పగానే చెబుతాను. కాలువని కంప్యూటర్లోకి ఎక్కించాం అంటాను. ఆ కాలువలోంచి ఒక రోజుని నేను తీసేసిన సంగతి మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. ఇప్పటికీ సిగ్గే.

అప్పుడు నేను నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన ఇంజనీరుని. మా ఆఫీసు బెజవాడ గవర్నర్‌పేటలో ఉండేది. లెక్కలు బాగా వచ్చనే పేరుండటంతో నన్ను హైదరాబాదుకి శిక్షణకి పంపారు. కాలువ తల దగ్గర ఎన్ని నీళ్ళు వదులుతున్నారు, ఏ తూము ఎంత లాగుతోంది, ఏ నేల ఎంత తాగుతోంది, ఆఖరికి చివరి ఊరికి చేరేది ఎంత, ఇదంతా సమీకరణాలుగా రాయాలి. కార్డులకి చిల్లులు కొట్టించి యంత్రానికిస్తే, రేపు ఆ కాలువ ఎలా నడుస్తుందో అది చెబుతుంది. దాన్నే మోడల్ అన్నారు. ఒక్క కార్డు తారుమారైనా మొత్తం కట్టంతా తిరగ్గొట్టేది. మాకు పాఠం చెప్పినాయన పదేపదే ఒక మాట అనేవారు: "నీళ్ళు చెప్పినట్టు వింటాయి నాయనా, మనుషులే వినరు. ముందు మనుషుల్ని సరిగ్గా రాయి." నేను ఆ మాట నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను. గీత గీయడం వరకే నా శ్రద్ధ.

నాకు అప్పగించింది కూచిపూడి వైపు పారే ఒక చిన్న కాలువ. దాని చివర్న ఒక లస్కరు ఉండేవాడు. తలుపులూ తూములూ చూసుకునే మనిషిని మా శాఖలో అలా అంటారు. రోజూ పొద్దున్నే రాతి మీది కొలగీతలు చూసి నీటి మట్టం రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని. మూడేళ్ళ రిజిస్టర్లు తెప్పించుకుని కూర్చున్నాను. మోడల్ చెప్పిన మట్టమూ ఆయన రాసిన మట్టమూ వారంలో ఆరు రోజులు చక్కగా కలిశాయి. ఆదివారం మాత్రం చివర్న నీళ్ళు జానెడు పెరిగేవి. ఒక ఆదివారం కాదు, ప్రతి ఆదివారమూ.

మా పెద్ద ఇంజనీరు గారు లస్కరుని పిలిపించారు. ఆయన మా అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆదివారం అంతేనండీ. ఎగువూళ్ళల్లో పొలాలకి నీళ్ళు కట్టేవోళ్ళంతా చర్చీకి పోతారు గదండీ. శనివారం సాయంత్రమే తూములు మూసేసి పోతారు. ఆ ఒక్కరోజు నీళ్ళు దిగువోళ్ళయ్యండీ. ఎప్పట్నించో అట్టానే నడుస్తంది," అన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "తమరికి తెలియందేముందండీ," అన్నాడు.

నాకు తెలుసు. ఆయనది మా తాత ఊరే. మా తాత పాతికేళ్ళకు పైగా ఎగువన ఒక మోతుబరి పొలానికి నీళ్ళు కట్టాడు. శనివారం సాయంత్రం తూముకి పలక దించి, సందుల్లో గడ్డీ బురదా కూరి, కాళ్ళు కడుక్కుని ఇంటికి వచ్చేవాడు. "రేపు కిందోళ్ళ వంతు," అనేవాడు. ఆ వంతు ఏ కాగితంలోనూ లేదు. మా ఆఫీసులో మా తాత ఊసు కూడా లేదు. మా వాళ్ళలో చాలామందికి రెండు పేర్లుంటాయి, చర్చిలో ఒకటి, రికార్డుల్లో ఒకటి. నేను ఆ రెండో పేరు చాటున దాక్కుని ఉద్యోగం చేస్తున్నాను.

నా పక్క సీటాయన, "ఏమిటీ, నీళ్ళు కూడా మతం పుచ్చుకున్నాయా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

"నాకేం తెలుసు?" అన్నాను లస్కరుతో. ఆయన నావంక ఒక్క క్షణం చూసి తల దించుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆదివారపు అంకెలన్నీ కొట్టేసి, వాటి చోట శనివారం, సోమవారం అంకెల సగటు వేశాను. పక్కన "కొలతలో పొరపాటు" అని రాశాను. మోడల్ అతికినట్టు కుదిరింది. పెద్దాయన భుజం తట్టారు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు సంతోషంగానే ఉంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాయి. బ్యారేజీ దగ్గర నీళ్ళు చాలక, వారానికొక రోజు నీళ్ళు వదలకుండా కాలువ కట్టెయ్యాలన్నారు. ఏ రోజు కట్టాలో మోడల్‌ని అడగమన్నారు. ఏ రోజైనా ఒకటే అంది మోడల్. అనక ఏం చేస్తుంది, నేను నేర్పిందే కదా! ఆదివారమైతే సిబ్బందికి కూడా వెసులుబాటు అని నేనే రాసిచ్చాను.

మూడో వారానికల్లా చివరి ఊరి నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. రైతులు బస్సెక్కి ఆఫీసుకి వచ్చారు. వాళ్ళలో కౌలుకి చేసుకునే ఒకావిడ ఎండిన నారు గుప్పెడు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఆదివారం ఒక్కటే మాకు బాబూ. అది కూడా లాగేసుకున్నారా?" అంది. చూస్తామండీ అన్నాను. ఆమె వెళ్ళాక ఆ నారుని చూడలేక కిటికీలోంచి పారేశాను.

కాలువ కట్టే రోజుని బుధవారానికి మార్పించాను. పెద్దాయన కారణం అడిగితే, లస్కరు అంకెలు సరిగ్గా లేక మోడల్ తప్పిందని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. మళ్ళీ నారు పోసుకున్నవాళ్ళు కొందరు, ఆ ఏటికి పొలం బీడు పెట్టినవాళ్ళు కొందరు. ఆ కౌలు ఆవిడ ఎవరిలో ఉందో నేను కనుక్కోలేదు. లస్కరుకి మాత్రం మెమో వెళ్ళింది, తప్పుడు కొలతలు రాసినందుకు సంజాయిషీ ఇవ్వమని.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు. అప్పుడే చర్చి నుంచి వచ్చిన మా అమ్మ, "రా అన్నయ్యా, ఎన్నాళ్ళకి!" అని మంచినీళ్ళిచ్చి, అన్నం వండటానికి లోపలికి వెళ్ళింది. నన్ను తిట్టడానికే వచ్చాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన జేబులోంచి మెమో తీసి నా ముందు పెట్టాడు.

"అంకెలంటే రాస్తాను గానీ ఇట్టాంటియ్యి నాకు చేతగాదు బాబూ. నువ్వు రాసిపెట్టు. వయసైపోయింది, చూపు ఆనక తప్పు రాశానని రాయి."

"ఆదివారం సంగతి రాస్తాను," అన్నాను.

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "వద్దులే బాబూ. అది రాస్తే నీకెట్టా తెలుసని అడుగుతారు. మళ్ళీ నవ్వుతారు. పైకొచ్చేవోడివి."

నేను కాదనాలి. ఆ మెమో తీసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాలి. వెళ్ళలేదు. కలం తీసి, చూపు ఆనక తప్పు కొలతలు రాశానని, ఈసారికి మన్నించమని, ఆయన మాటగా నా చేత్తో రాసిచ్చాను.

ఆయన సంతకం చేశాడు. కాగితం పట్టుకుని వాకిట్లో వెలుతురులో నిలబడి, కళ్ళజోడు లేకుండా, ఒక్క అక్షరం తడబడకుండా మొత్తం చదివాడు.

"ముత్యాల్లా ఉన్నయ్ బాబూ అక్షరాలు," అన్నాడు. "మీ తాత చూస్తే పొంగిపోయేవాడు."