దస్త్రంలో పెట్టె విప్పని యంత్రం

2023 జూన్‌లో ఒక ఆదివారం. అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. నేను ఆర్థిక చరిత్ర చెప్పే అధ్యాపకురాలిని. పంచవర్ష ప్రణాళికల కాలంలో ప్రభుత్వం పెట్టిన ఫ్యాక్టరీలు ఎలా పుట్టాయి, ఎలా నడిచాయి, ఎందుకు మూతపడ్డాయి అన్నది నా పరిశోధన. ఆ రోజు ఇంజనీరింగ్ పుస్తకాల కుప్పలో అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి చేతికి వచ్చింది. మొదటి పేజీలో నేను ఏళ్ల తరబడి చదువుతున్న ఫ్యాక్టరీ పేరు ఉంది. దాని కింద "గేర్ సెక్షన్, నర్సింగరావు, ఆపరేటర్" అని ఉంది.

ఇంటికి వెళ్లి చదివాను. "రెండో షిఫ్ట్. కొత్త హాబింగ్ మెషిన్. గేర్లు బాగ వచ్చినయి." ఇలాంటి రాతలు పేజీల కొద్దీ ఉన్నాయి. హాబింగ్ మెషిన్ అంటే చక్రాలకు పళ్లు కోసే యంత్రం. చదువుతున్నకొద్దీ నాకు అయోమయం పెరిగింది. ఎందుకంటే ఆ యంత్రం ఎన్నడూ నడవలేదని నేను అప్పటికే రాసేశాను.

ప్రభుత్వ దస్త్రంలో అలాగే ఉంది మరి. అధికారులు ఫైలు మీద రాసే అభిప్రాయాలను మేము ఫైల్ నోటింగ్ అంటాం. డెబ్బైల నాటి ఒక నోటింగ్‌లో, విదేశం నుంచి తెప్పించిన ఆ యంత్రం ఇంకా చెక్కపెట్టెలోనే ఉందనీ, స్వయంగా వెళ్లి చూశాననీ ఒక అధికారి రాశాడు. ఐడిల్ కెపాసిటీ గురించి, అంటే ఉండీ వాడకుండా పడి ఉన్న సామర్థ్యం గురించి, అచ్చుకు వెళ్లబోతున్న నా పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆ పెట్టె మీదే నిలబడింది. నోటుబుక్కులో నెలలు, దస్త్రంలో నెలలు పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే. రెండు యంత్రాలు వచ్చాయేమోనని కొనుగోలు కాగితాలు తిరగేశాను. వచ్చింది ఒక్కటే. ఉబుసుపోక ఎవరైనా కల్పించి రాశారా అనుకుంటే, అరిగిన కత్తికి సానపట్టిన వారాలు కూడా అందులో ఉన్నాయి. అలాంటివి ఎవరు కల్పిస్తారు?

ఆ ఫ్యాక్టరీలో రిటైరైన కార్మికులకు నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక గది ఉంది. పొద్దున పూట వచ్చి పేపర్ చదువుకుంటారు. అక్కడ నా పుస్తకం సంగతి చెప్పి, నర్సింగరావు ఎవరని అడిగితే కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యి ఎత్తాడు. డెబ్బై ఐదేళ్లు దాటి ఉంటాయి. నోటుబుక్కు చేతికిస్తే వాసన చూశాడు.

"గిది నాదే మేడం. ఏడ దొరికింది?"

"అబిడ్స్‌లో, ఫుట్‌పాత్ మీద."

"ఇల్లు మారినప్పుడు పాత కాగితాలకు వేసినం. గా మూటల పోయినట్టుంది."

"నర్సింగరావు గారూ, ఆ కొత్త యంత్రం నడిచిందా?"

"నడిచిందా ఏంది? నేనే నడిపిన."

"అధికారి వచ్చి చూస్తే పెట్టెలోనే ఉందట కదా?"

ఆయన నవ్వాడు. "ఔ, పెట్టెలనే ఉన్నది" అన్నాడు.

రెండూ ఎలా నిజమవుతాయని అడిగాను. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. యంత్రాన్ని అమ్మిన కంపెనీ ఇంజనీర్లే వచ్చి కమిషనింగ్ చేయాలి, అంటే బిగించి మొదటిసారి నడిపి చూపించాలి. అంతకుముందు ఎవరైనా పెట్టె విప్పితే గ్యారంటీ పోతుంది. ఆ ఇంజనీర్లు వస్తామంటూనే రాలేదు.

"ఎన్ని దినాలు సూస్తం? పునాది మేమే పోసినం, కరెంటు మేమే ఇచ్చినం. పెట్టె పలకలు జాగ్రత్తగ ఇప్పి గోడకు ఆనిచ్చినం. పెద్ద సార్లు వస్తున్నరంటే మళ్ళ సుట్టూ నిలబెట్టి మేకులు కొడుతుంటిమి. వాళ్లు సూసి పోయినంక మళ్ళ ఇప్పుతుంటిమి. గేర్లు పాత మెషిన్ల పేరు మీద రాస్తుంటిమి. సంతోషం ఆగక గీ బుక్కుల అసలుది రాసుకున్న."

"ఫోర్‌మన్‌కు తెలుసా?"

"తెల్వకుంటెట్ల? సూసి సూడనట్టు ఉంటుండె."

అప్పుడు కలిగిన ఉత్సాహంలో నేను ముందూ వెనకా ఆలోచించలేదు. సంచిలోంచి ఫైల్ నోటింగ్ జిరాక్స్ తీసి, "చూడండి, వాళ్లు ఎంత మోసపోయారో" అంటూ ఇచ్చాను. ఇంగ్లిష్ ఆయనకు నెమ్మదిగా వస్తుంది. ప్రతి మాట కింద వేలు పెట్టి చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆగాడు. యంత్రం నేటికీ పెట్టెలోనే ఉన్నందువల్ల గేర్ సెక్షన్‌ను మూసివేయవచ్చు అని ఉంది అక్కడ.

"ఆర్డర్లు లేవని మూసిన్రు అని చెప్పిరి మాకు" అన్నాడు.

"ఆ సంగతీ ఉంది. ఫైల్లో తర్వాతి పేజీలో రాశారు."

"ముందుగాల ఏం రాసిన్రు?"

నేను ఆయన వేలు ఆగిన వాక్యాన్నే చూశాను.

"అంటే మేం దాసినందుకే మూసిన్రా?"

ఔనన్నా అబద్ధమే, కాదన్నా అబద్ధమే అనిపించింది. దాచకపోతే గ్యారంటీ పోయిందని ఆ రోజే సస్పెండ్ చేసేవారేమో. దాచినందుకు సెక్షన్ పోయింది. సెక్షన్ మూసేశాక ఆయనను స్టోర్స్‌లో వేశారట. రిటైరయ్యేదాకా బోల్టులు ఎంచి ఇచ్చాడు, మళ్ళీ యంత్రం మీద చెయ్యి పెట్టలేదు. "మా ఫోర్‌మన్ సాబ్ పోయిండు. ఇది సూడకుండ పోయిండు, నయం" అని, కాగితాన్ని మడిచి నాకు ఇవ్వబోయి, ఇవ్వకుండా తన జేబులో పెట్టుకున్నాడు.

నా నంబరు రాసిచ్చి, బయటికొచ్చి మెట్రో ఎక్కాను. ఎటు వెళ్లే రైలో చూసుకోలేదు, రెండు స్టేషన్లు దాటాక తెలిసింది. ఒక పెద్దాయన జీవితమంతా గర్వంగా దాచుకున్న పనిని పది నిమిషాల్లో తప్పుగా మార్చేశానా? లేక ఆయనకు రావలసిన నిజాన్ని ఆలస్యంగానైనా ఇచ్చానా?

మూడు వారాల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు.

"మేడం, బుక్కు అచ్చుకు పోయిందా?"

"ఇంకా లేదు. ఆపాను."

"రాయుండ్రి. మెషిన్ నడిచిందని రాయుండ్రి. మేమే దాసినమని గూడ రాయుండ్రి. నా పేరు పెట్టుండ్రి."

"బాధగా లేదా?"

"ఉన్నది బిడ్డా. అయినా నడిచింది నడువలేదంటె ఎట్ల?"

అధ్యాయం మళ్ళీ రాశాను. మొదట్లో అది ప్రణాళిక విఫలమైన కథ. ఇప్పుడు ఏ కథో నాకే స్పష్టంగా తెలియదు, అలా తెలియదనే రాశాను. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. దస్త్రంలో "లేదు" అని కనిపిస్తే, లేదని ఎవరికి చూపించాల్సి వచ్చిందో ముందు అడుగుతాను. ఇంకో అలవాటు కూడా అయింది. కాగితం ఎవరి గురించో ఆ మనిషే ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ కాగితం సంచిలోంచి తీసేముందు చివరి వాక్యం దాకా నేను ఇంకోసారి చదువుకుంటాను. ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఇప్పటికీ ప్రతిసారీ కొత్తగానే ఆలోచించాల్సి వస్తోంది.