వేటకు జర్మన్ మాట

2022లో బందరు బస్టాండు దగ్గర ఒక మేడ మీద నర్సులకు జర్మన్ నేర్పేదాన్ని. రోజువారీ సంగతులు సొంతంగా మాట్లాడగలరో లేదో చూసే బీ-వన్ పరీక్ష గట్టెక్కితేనే జర్మనీ ఆసుపత్రుల్లో ఉద్యోగం. రోగాల పేర్లు ఇట్టే పట్టేసేవాళ్లు కూడా ‘ఫ్రైట్సైట్’ పాఠం దగ్గర తడబడేవారు. ఫ్రైట్సైట్ అంటే తీరిక సమయం. సినిమా, షికారు, ఈత, కాఫీకి వెళ్లడం అన్నీ అందులోనే.

నాగలక్ష్మిది సముద్రం ఒడ్డు పల్లె. పరీక్ష పది రోజులుందనగా క్లాసులో అందరితో మాట్లాడిస్తూ, మీ నాన్నగారు తీరిక వేళ ఏం చేస్తారని ఆ అమ్మాయిని జర్మన్‌లో అడిగాను.

“మా నాన్న యాగ్ట్‌కి వెళ్లారు,” అంది.

యాగ్ట్ అంటే అడవిలో జంతువుల వేట. నాకు నవ్వాగలేదు. “అబ్బో, తుపాకీ కూడా ఉందా? మంచి హాబీయే,” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నాగలక్ష్మి కూర్చుండిపోయింది. తర్వాత రెండు రోజులు రాలేదు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను.

“మేడం, మా వైపు చేపలకెళ్లడాన్ని వేటంటామండి. డిక్షనరీలో వేటకి ఆ మాటే ఉంది. మా నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదండి. ఆ ముక్కే చెప్పబోయాను. ఈలోగా మీరు నవ్వారు.”

గుడివాడలో చేపలు తిని పెరిగానే గానీ, వాటిని తెచ్చేవాళ్ల మాట ఏనాడూ చెవిన పెట్టలేదు. సిగ్గేసింది.

“తప్పు నాదమ్మా. రేపు రా.”

“వస్తానండి. సముద్రానికి షికారెళ్తానని మాత్రం నాచేత చెప్పించకండి.”

మర్నాడు అందరి ముందూ క్షమించమని అడిగి, బోర్డు మీద ‘ఫిషర్’ అని రాశాను. అంటే చేపలు పట్టేవాడు. నాగలక్ష్మి నోట్సులో ఆ మాట పక్కన అర్థం రాయలేదు, నాన్న అని రాసుకుంది.

పరీక్ష పాసైంది. ఇప్పుడు జర్మనీ ఉత్తరాన ఒక రేవు ఊళ్లో పనిచేస్తోంది. మొన్న శీతాకాలంలో వాయిస్ మెసేజ్ పెట్టింది. “ఈవేళ సెలవండి. సముద్రానికెళ్లాను. ఎవరి కోసమూ ఎదురు చూడకుండా, ఊరికే కూర్చున్నానండి.”

ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం నాకు నేర్పింది ఆ పిల్లే. మెసేజ్ కూడా చివరిదాకా విన్నాను. ఆఖర్న కాసేపు అలల చప్పుడే ఉంది.