సంపులోకి వెనక్కి వెళ్ళిన నీళ్ళు

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా మూలంగా ఒక మనిషి, చెయ్యని తప్పుకి, నాలుగు వీధుల్లో పేరు పోగొట్టుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఆ తప్పు నాది. ఇంకెవరిదీ కాదు.

మాది రాజోలు. ఒక మేడలో పై అంతస్తు వాటాలో అద్దెకుంటున్నాం. మధ్య అంతస్తులో ఇంటి ఓనరు సూర్యారావుగారు, ఆయన తల్లి. ఆవిడని అందరం మామ్మగారనే పిలిచేవాళ్ళం. కింద సెల్లారు, అందులో సగం కొబ్బరికాయల రాశి. మిగతా సగంలో ఒక గదీ వంటిల్లూ కట్టించి అద్దెకిచ్చారు. అందులో రత్నంగారు ఉండేది. వాళ్ళాయన మస్కట్‌లో పని, ఇక్కడ ఆవిడా కూతురూ. ఆవిడ జాకెట్లు కుట్టేది. వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడకి నోటికొచ్చు. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది.

ఆవిడ గుమ్మానికి నాలుగడుగుల దూరంలోనే, సెల్లారు నేలలో, నీళ్ళ సంపు. మా దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్ళే. గోదావరి నీళ్ళే తాగాలి. వేసవిలో కాలవ కట్టేస్తారు కదా, కట్టెయ్యబోయే ముందు సూర్యారావుగారు సంపు నిండా గోదావరి నీళ్ళు పట్టించి, పటిక వేసి, మూత పెట్టించేవారు. మళ్ళీ కాలవ వదిలేదాకా ఆ నీళ్ళు తాగడానికీ వంటకీ మాత్రమే. రోజూ పొద్దున్న ఆయనే మోటారు వేసి వాటాకి రెండేసి బిందెలు ఇచ్చేవారు. సంపుకి తాళం లేదు. అవసరం అని ఎవరికీ అనిపించలేదు. మామ్మగారైతే బజార్లో అమ్మే టిన్ను నీళ్ళు ప్లాస్టిక్కు కంపని అసలు ముట్టేవారు కాదు. ఆ సంపు నీళ్ళే ఆవిడకి ప్రాణం.

ఇక నా సంగతి. నేను కువైట్‌లో పదకొండేళ్ళు ఒక పెద్ద ఇంట్లో చేపల తొట్లు చూసుకునే పని చేశాను. ఇంటికొచ్చాక నాకూ ఒక తొట్టి ఉండాలని పట్టుబట్టి నాలుగడుగుల అద్దాల తొట్టి కట్టించుకుని రెండు ఆస్కార్ చేపలు పెంచాను. వాటిమీద నాకు మహా గీర. చేపల గురించి ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఎవడికీ తెలియదని. ఆ గీరే నన్ను ముంచింది.

ఆ వేసవిలో చేపలకి జబ్బు చేసింది. తొట్టి అడుగున గలీజు పేరుకుపోయి, నీళ్ళు సగానికి తగ్గిపోయి, రెండూ మూలకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. బోరు నీళ్ళు పోస్తే చచ్చిపోతాయి. టిన్ను నీళ్ళు పనికిరావని నా పాండిత్యం. నిజంగా పనికిరావా? నాలుగు టిన్నులు తెప్పించి రోజంతా గాలి పట్టిస్తే సరిపోయేదేమో. సూర్యారావుగారిని అడిగితే రెండు బిందెలు ఇచ్చేవారేమో. అడగడానికి నాకు నామోషీ అయింది. ముసలావిడ తాగే నీళ్ళు చేపలకి అడగడం ఏమిటని. అడగడానికి సిగ్గుపడినవాడిని తీసుకోవడానికి ఎందుకు సిగ్గుపడలేదు?

ఆదివారం. మా ఆవిడ పుట్టింట్లో ఉంది. సూర్యారావుగారూ మామ్మగారూ ముక్తేశ్వరంలో పెళ్ళికని తొమ్మిదింటికే బయల్దేరారు. వాళ్ళు వెళ్ళకముందే రత్నంగారు సెల్లారులో బోరు కొళాయి దగ్గర కూర్చుని చేపలు కడుక్కోవడం మెట్లమీంచి చూశాను. ఆదివారం ఎవరింట్లో కడగరు? మేమూ తినేవాళ్ళమే. పన్నెండు దాటాక, మేడమీద మొక్కలకని కొన్న, నీళ్ళలో ముంచే చిన్న మోటారు పట్టుకుని కిందికి దిగాను. సంపు మూత తీశాను. మోటారుకి తాడు కట్టి లోపలికి వదిలాను. పైపు మెట్లమీదుగా మా వాటాలోకి తీసుకెళ్ళి దాని మూతి తొట్టిలో ముంచి, మళ్ళీ దిగి స్విచ్చి వేశాను. రత్నంగారి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. మోటారు వేయగానే ఆ చప్పుడు ఆగింది. స్విచ్చి మీద చెయ్యి తియ్యకుండా ఆ తలుపు వైపే చూశాను. తలుపు తెరుచుకోలేదు. కాసేపటికి మిషను మళ్ళీ మొదలైంది.

పైకి పరుగెత్తాను. తొట్టి నిండుతోంది. చేపలు కదిలాయి. ఎంత సంతోషించానో! కిందికి వచ్చి మోటారు ఆపాను. పెళ్ళివాళ్ళు తొందరగా వచ్చేస్తారేమోనని గేటు దాకా వెళ్ళి వీధి చూసి వచ్చాను. సంపు దగ్గరికి వచ్చేసరికి లోపల గలగలమని చప్పుడు. ఏమిటా అని వంగి చూశాను. మోటారు నోట్లోంచి నీళ్ళు వెనక్కి ఉబుకుతున్నాయి. పైపు మూతి తొట్టిలోంచి తియ్యలేదు కదా, మోటారు ఆగగానే తొట్టిలో నీళ్ళన్నీ అదే పైపులో వెనక్కి లాగేసుకున్నాయి. అడుగున పేరుకున్న గలీజూ, చేపల రెట్టా, జబ్బుకి నేను వేసిన మందూ, అన్నీ కలిసి మూడు వాటాలవాళ్ళు తాగే నీళ్ళలోకి. పదకొండేళ్ళు అదే పని చేసినవాడిని. మొదటి రోజు నేర్చుకునే సంగతి మరిచిపోయాను.

పైకెళ్ళి చూస్తే జానెడు నీళ్ళలో చేపలు పక్కకి ఒరిగి కొట్టుకుంటున్నాయి. అప్పుడు ఏం చేశానో తెలుసా? మోటారు మళ్ళీ వేశాను. తొట్టి మళ్ళీ నింపుకున్నాను. ఈసారి పైపు జాగ్రత్తగా తీశాను. తర్వాత మా వంటింట్లోంచి గుప్పెడంత పటిక తెచ్చి సంపులో వేసి, సర్దుకుంటుందిలే అనుకుని మూత పెట్టాను. చేపలు బతికాయి.

మర్నాడు పొద్దున్న అందరికీ రెండేసి బిందెలు వచ్చాయి. నా బిందెలు నేను మొక్కలకి పోసేసి, బజార్లో టిన్ను కొని తెచ్చుకుని తాగాను. చూశారా? నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

మంగళవారం మామ్మగారికి వాంతులు, విరోచనాలు. బుధవారం ఆస్పత్రిలో చేర్చారు. నీళ్ళ వల్లేనన్నారట డాక్టరు. రత్నంగారికీ అదే అయింది కానీ, ఆవిడ సంగతి ఎవరూ లెక్కలో వేసుకోలేదు. సూర్యారావుగారు సంపు మూత తీసి వాసన చూశారు. నీచు వాసన! ఆయన తల్లి జన్మలో నీచు ముట్టని మనిషి. మా ఊళ్ళో నీచు వాసనంటే ఎవరికైనా వంటింటి చేపలే గుర్తొస్తాయి, అద్దాల తొట్టి ఎవరికి తోస్తుంది? ఆయన నన్ను సెల్లారులోకి పిలిచి, రత్నంగారిని గుమ్మంలోకి రమ్మన్నారు.

"ఆదివారం చేపలెక్కడ కడిగేరు రత్నంగారూ?"

"ఈ కొళాయి దగ్గరేనండి. సంపు జోలికెళ్ళలేదండి బాబూ. మా అమ్మాయి మీదొట్టండి."

నీరసంతో గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన నావైపు తిరిగారు.

"మీరారోజు ఇంట్లోనే ఉన్నారు కదండీ. ఈవిడిక్కడ చేపలు కడగడం చూసేరా?"

"ఆయ్. చూసేనండి."

"సంపు మూత తీసుండగా చూసేరా?"

"ఆయ్."

అంతే. రెండుసార్లు. రెండూ నిజాలే. ఆవిడ చేపలు కడిగింది నిజం, మూత తీసి ఉండటం నిజం, తీసింది నేనే కాబట్టి చూడకుండా ఎలా ఉంటాను? ఒక్క అబద్ధం ఆడకుండా ఒక మనిషిని నిలువునా ముంచవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. రత్నంగారు నా మొహం వైపు చూసింది. ఆవిడ మోటారు చప్పుడు వినే ఉంటుంది కదా? మరి నోరెందుకు విప్పలేదు? అద్దెకున్న ఆడమనిషి మాట ఎవరు నమ్ముతారనుకుందా? అన్నయ్యగారే చెబుతారని ఎదురుచూసిందా? ఆవిడ ఎదురుచూసిందనుకున్నప్పుడల్లా నాకు ఆ గుమ్మం వైపు చూడబుద్ధి కాదు.

నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. సంపులో చేపలు కడిగిన మనిషంటూ వీధంతా చెప్పుకున్నారు. ఊళ్ళో అద్దెకి ఎవరూ ఇల్లివ్వలేదు. ఇచ్చిన జాకెట్టు గుడ్డలు సగం మంది వెనక్కి పట్టుకుపోయారు. చివరికి కూతుర్ని తీసుకుని మామిడికుదురులో అన్నగారింటికి వెళ్ళిపోయింది, వదినతో పడక ఎక్కడినుంచైతే బయటికొచ్చిందో అక్కడికే. వెళ్ళేరోజు కుట్టుమిషను ఆటోలోకి ఎక్కించడానికి మనిషి లేకపోతే నేనే ఒక చెయ్యి వేశాను. "వెళ్ళొస్తానండి అన్నయ్యగారూ," అంది. ఛీ, ఆ చెయ్యి ఎలా వచ్చింది నాకు?

మామ్మగారు కోలుకుని మరో నాలుగేళ్ళు బతికారు. ఆవిడకి ఏమైనా అయి ఉంటే చెప్పేవాడినా? మనసులో చెప్పేవాడిననే అనుకుంటాను. నమ్మకం లేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న మళ్ళీ కాలవ కట్టేశారు. కింద వాటాలోకి కొత్తగా ఎవరో దిగారు. సూర్యారావుగారు వాళ్ళకి సంపు సంగతులు చెబుతూ, ఇదివరకు ఇక్కడొకావిడ ఉండేదని రత్నంగారి పేరెత్తి మొత్తం చెప్పుకొచ్చారు. నేను మెట్లు దిగుతున్నాను. "ఏమండీ, మీరు చూసేరు కదా," అన్నారు. ఆయ్ అన్నాను. ఆరేళ్ళ తర్వాత కూడా, ఎవరూ నిలదీయకుండానే, అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి.

అక్కడినుంచి తిన్నగా పైకొచ్చి ఈ కాగితాలు ముందేసుకున్నాను. మామిడికుదురు బస్సెక్కితే ఎంతసేపో పట్టదు. సూర్యారావుగారైతే మరీ, పద్ధెనిమిది మెట్ల కిందే ఉన్నారు. ఎక్కడికీ వెళ్ళలేదు. వెళతానని మీకు మాట కూడా ఇవ్వలేను, నా సంగతి నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రత్నంగారు ఆ సంపులో చెయ్యి పెట్టలేదు. ఆ నీచు నా చేపల తొట్టిది. రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.